ఖలీఫా ఇంట్లో పొదుపు

ఇంటి ఖర్చు తగ్గించుకోవాలని ఒక్కరు అనుకుంటే సరిపోదు. సంపాదించేవాడు ఒకటి తలిస్తే ఇల్లాలు మరొకటి తలుస్తుంది. పిల్లలు ఇంకొకటి అడుగుతారు. పెళ్ళో పండుగో వచ్చిందంటే మేనత్తలు, పినతండ్రులు, బావమరుదులు అందరూ తలా ఒక మాట అంటారు. మన వంశం పరువేమిటి, నీ పిసినారితనమేమిటని నిలదీస్తారు. తన నోరు కట్టుకోవడం మనిషికి అంత కష్టం కాదు. ఇంటిల్లిపాదినీ ఆ దారిలోకి తీసుకురావడమే కష్టం. ఈ కష్టం పేదవాడి ఇంట్లో ఒక రకంగా ఉంటే, భోగభాగ్యాలలో పుట్టి పెరిగిన వారి ఇంట్లో పదింతలుగా ఉంటుంది. అలాంటి ఒక ఇంటి సంగతిని ఈ శుక్రవారం పాఠకుల ముందుంచుతున్నాము. అది హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) గారి ఇల్లు. ఆయన న్యాయపాలన గురించి చాలామంది రాశారు, మన మస్జిదులలో ఎన్నో ప్రసంగాలు విన్నాము. మేము ఇక్కడ ఆయన్ను పాలకుడిగా కంటే ఒక భర్తగా, తండ్రిగా, మేనల్లుడిగా చూడాలనుకుంటున్నాము.

ఆయన తండ్రి అబ్దుల్ అజీజ్ బిన్ మర్వాన్ ఉమయ్యా వంశీయుడు. దాదాపు ఇరవై సంవత్సరాలు ఈజిప్టుకు గవర్నరుగా ఉన్నాడు. తల్లి ఉమ్మె ఆసిమ్, రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) గారి మనుమరాలు. పాలలో నీళ్ళు కలపమని తల్లి చెప్పినా, ఖలీఫా చూడకపోయినా దేవుడు చూస్తున్నాడని ఒప్పుకోని అమ్మాయి కథ మన ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. రాత్రిపూట ఊరి సంగతులు తెలుసుకోవడానికి తిరుగుతూ ఆ మాట విన్న హజ్రత్ ఉమర్ (రజి) ఆ అమ్మాయిని తన కుమారుడు ఆసిమ్‌కు ఇచ్చి పెళ్ళి చేశారని చెబుతారు. ఆ పేదింటి పిల్ల కడుపున పుట్టినదే ఉమ్మె ఆసిమ్. ఈ బంధుత్వాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందుముందు ఒక మేనత్త దీన్ని ఎత్తి చూపుతుంది.

బాల్యంలో ఉమర్‌ను చదువు కోసం మదీనాలో ఉంచారు. గురువు సాలిహ్ బిన్ కైసాన్. ఒకరోజు పిల్లవాడు నమాజుకు ఆలస్యంగా వచ్చాడు. కారణమేమిటని గురువు అడిగితే, దాసి తల దువ్వుతుండగా ఆలస్యమైందని చెప్పాడు. గురువు ఈ సంగతిని ఈజిప్టులో ఉన్న తండ్రికి రాసి పంపాడు. తండ్రి ఒక మనిషిని పంపి, వేరే మాట లేకుండా ముందు కొడుకు తల గొరిగించాడు. గవర్నరు కొడుకు విషయంలో ఇంత కఠినత్వం ఏమిటని ఇప్పుడు అనిపిస్తుంది. అయినా ఆ గుండు వల్ల పిల్లవాడికి అలంకారం మీద మోజు పోయిందనుకుంటే పొరపాటే.

యువకుడైన ఉమర్ అంతటి షోకిలా ఆ కాలంలో మరొకడు లేడంటే అతిశయోక్తి కాదు. ఆయన వాడే అత్తరు వీధి మలుపు తిరగకముందే ఎవరు వస్తున్నారో చెప్పేదట. తమ బట్టలకూ ఆ సువాసన అంటాలని, ఆయన బట్టలు ఉతికేవాడికి కొందరు డబ్బు ఇచ్చి మరీ వాటితో కలిపి ఉతికించుకునేవారట. ఆయన నడకకు ఉమరీ నడక అని పేరు పడింది, దాసీ పిల్లలు దాన్ని అభ్యాసం చేసేవారు. ఎంతో ఖరీదైన వస్త్రం తెచ్చి ఇచ్చినా కాస్త గరుకుగా ఉందని వంక పెట్టేవారు. 706లో ఖలీఫా వలీద్ ఆయనను మదీనా గవర్నరుగా పంపినప్పుడు ఆయన సామాన్లు ముప్పై ఒంటెల మీద వచ్చాయి. పాలకుడిగా మాత్రం అప్పుడూ మంచివారే. రాగానే మదీనాలోని పదిమంది ధర్మవేత్తలను పిలిపించి, వారి సలహా లేకుండా ఏ నిర్ణయమూ తీసుకోనని మాట ఇచ్చారు. ప్రవక్త మస్జిదు విస్తరణ ఆయన చేతుల మీదుగానే జరిగింది. 712లో ఆ పదవి పోయింది. ఈ కాలమంతా ఆయన భక్తికి లోటు లేదు, భోగానికీ లోటు లేదు.

ఇక ఇల్లాలు ఫాతిమా. తండ్రి చనిపోయాక ఉమర్‌ను పెదతండ్రి ఖలీఫా అబ్దుల్ మలిక్ దమస్కస్‌కు పిలిపించుకుని తన కుమార్తెనిచ్చి పెళ్ళి చేశాడు. ఆమె తాత మర్వాన్ ఖలీఫా, తండ్రి ఖలీఫా. అన్నదమ్ముల్లో వలీద్, సులైమాన్, యజీద్, హిషామ్ నలుగురూ ఒకరి తర్వాత ఒకరు ఆ గద్దె ఎక్కినవారే. అలాంటి ఆడపడుచు పుట్టింటి నుంచి తెచ్చుకున్న నగలు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. తండ్రి ఇచ్చిన ఒక రత్నాభరణానికి సాటి వచ్చేది మరెక్కడా లేదని అనేవారు. ఈ నగల సంగతి తర్వాత వస్తుంది.

హిజ్రీ 99, అంటే 717 సెప్టెంబరులో సిరియా ఉత్తరాన దాబిఖ్ అనే చోట ఖలీఫా సులైమాన్ కన్నుమూశాడు. ఆయన ముద్ర వేసి ఉంచిన వీలునామాను రజా బిన్ హైవా విప్పి చదివితే అందులో ఉమర్ పేరుంది. సులైమాన్ తమ్ముళ్ళు ఉండగా పినతండ్రి కొడుకు పేరు రావడం చూసి వంశమంతా నిర్ఘాంతపోయింది. ఉమర్ కూడా సంతోషించలేదు. ఖననం ముగిసి బయటికి రాగానే ఖలీఫా కోసం అలంకరించిన గుర్రాలను వరుసగా నిలబెట్టారు. ఆయన వాటిని కాదని తన కంచరగాడిదనే తెమ్మన్నారు. కొత్త ఖలీఫా కోసం వేసిన డేరాలు, పరచిన తివాచీలు, తెచ్చిన అత్తర్లు, వస్త్రాలు అన్నీ బైతుల్ మాల్‌కు, అంటే ప్రజల ఖజానాకు పంపేశారు. ముప్పై ఒంటెల మనిషి ఒక్క మధ్యాహ్నంలో ఇలా మారిపోవడం చూసి చుట్టూ ఉన్నవారు ఇది రెండు రోజుల ముచ్చట అనుకుని ఉంటారు.

అది రెండు రోజుల ముచ్చట కాకుండా చేసినవాడు ఆయన కుమారుడు అబ్దుల్ మలిక్. ఈ పిల్లవాడికి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. సులైమాన్‌ను సమాధి చేసి, రాత్రంతా నిద్రలేక అలసి వచ్చిన తండ్రి కాసేపు నడుము వాల్చబోతుంటే ఈ కొడుకు లోపలికి వచ్చాడు. అన్యాయంగా లాక్కున్న ఆస్తులను సొంతదారులకు తిరిగి ఇవ్వకుండా నిద్రపోతారా అని అడిగాడు. జుహర్ నమాజు తర్వాత చూస్తానని తండ్రి అంటే, అప్పటిదాకా బతికి ఉంటారని మీకెవరు హామీ ఇచ్చారన్నాడు. తండ్రి వాడిని దగ్గరకు తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుని, అలాంటి బిడ్డను ఇచ్చినందుకు దేవుణ్ణి స్తుతించి, లేచి బయటికి వెళ్ళారు. సాధారణంగా ఇళ్ళల్లో తండ్రి పొదుపు చేయమంటే కొడుకులు మొహం ముడుచుకుంటారు. ఇక్కడ కొడుకే తండ్రిని తొందరపెట్టాడు.

ఆస్తిపత్రాల దగ్గరా అలాగే జరిగింది. ఉమయ్యా వంశీయులకు గత ఖలీఫాలు ఇచ్చిన భూములు, గ్రామాలు లెక్కలేనన్ని. ఉమర్‌కు కూడా తండ్రి ద్వారా, పెదతండ్రి ద్వారా, బావమరుదుల ద్వారా చాలా వచ్చాయి. ఇతరులవి వెనక్కి తీసుకోవాలంటే ముందు తనవి వదులుకోవాలని ఆయన నిశ్చయించుకున్నారు. ఈ మాట తన నమ్మకమైన సేవకుడు ముజాహిమ్‌తో చెప్పారు. అతడు మంచివాడే, కాని గృహస్థు లాగా ఆలోచించాడు. ఇన్ని ఆస్తులు పోతే మీ పిల్లల గతేమిటి అని అడిగాడు. ఉమర్ కళ్ళ నీళ్ళు పెట్టుకుని వారిని దేవునికి అప్పగిస్తున్నానన్నారు. ముజాహిమ్ మనసు ఊరుకోలేదు. కొడుకు చెబితే తండ్రి తగ్గుతాడన్న ఆశతో అబ్దుల్ మలిక్ దగ్గరకు వెళ్ళాడు. అబ్దుల్ మలిక్ విని, నీవు మా నాన్నకు చెడ్డ సలహాదారువని అతణ్ణి మందలించి, నేరుగా తండ్రి దగ్గరకు పోయి ఆ పని ఇప్పుడే చేయమన్నాడు. తర్వాత ఉమర్ మస్జిదులో మిన్బర్ మీద కూర్చున్నారు. ముజాహిమ్ ఒక్కొక్క పత్రం చదవడం, ఆయన దాన్ని కత్తెరతో ముక్కలు చేయడం, ఇలా జుహర్ అజాన్ అయ్యేదాకా సాగింది. ఫదక్ తోటను కూడా దైవప్రవక్త (స) కాలంలో ఎలా ఉండేదో ఆ పద్ధతికే మళ్ళించారు. తన సొంత భత్యం డబ్బుతో బాగు చేయించుకున్న సువైదా భూమి ఒక్కటి ఉంచుకున్నారు. ఖలీఫా కాకముందు ఆయన సాలు ఆదాయం నలభై వేల దీనార్లు ఉండేదని, చనిపోయేనాటికి నాలుగు వందలకు దిగిందని, ఇంకొన్నాళ్ళు బతికి ఉంటే ఇంకా తగ్గేదని ఆయన కుమారుడే తర్వాత ఒక అబ్బాసీ ఖలీఫాకు చెప్పినట్టు గ్రంథాల్లో ఉంది. ఈ అంకెలు గ్రంథకర్తను బట్టి కొద్దిగా మారుతాయి. ఎంత మారినా సంగతి ఒకటే.

ఇప్పుడు నగల సంగతి. భార్య నగ భర్త సొత్తు కాదు. ఇస్లామీ ధర్మశాస్త్రంలో ఇందులో సందేహం లేదు. ఉమర్ ఆ విషయం ఎరిగినవారు కనుక, తీసి ఇవ్వమని ఆజ్ఞాపించలేదు. ఆ నగలు నీ తండ్రి ఎక్కడి సొమ్ముతో చేయించి ఇచ్చాడో నీకు తెలుసు, నేనూ, నీవూ, అవీ ఒకే ఇంట్లో ఉండడం నాకు ఇష్టం లేదు, వాటిని ఖజానాకు ఇస్తావో, నన్ను విడిచి వెళ్ళడానికి అనుమతిస్తావో నీ ఇష్టం అన్నారు. ఫాతిమా ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆ నగలే కాదు, వాటికి ఎన్నో రెట్లు ఉన్నా మిమ్మల్నే కోరుకుంటానని చెప్పి పెట్టెను ఖజానాకు పంపించేసింది. ఇది నిజంగా స్వేచ్ఛగా చేసిన ఎంపికేనా, భర్తను పోగొట్టుకోలేక చేసిందా అని అడిగేవారు ఉండవచ్చు. మాకు కూడా ఆ ప్రశ్న వచ్చింది. దానికి జవాబు ఆ రోజున దొరకదు, రెండున్నరేళ్ళ తర్వాత దొరుకుతుంది.

ఆ ఇంట్లో రోజువారీ బతుకు ఎలా ఉండేదో చూద్దాము. ఈజిప్టు గ్రంథకర్త ఇబ్నె అబ్దుల్ హకమ్, తర్వాత బగ్దాదులో ఇబ్నె జౌజీ రాసిన జీవితచరిత్రల్లో ఇలాంటి ముచ్చట్లు చాలా ఉన్నాయి. ఇషా నమాజు తర్వాత కూతుళ్ళను పలకరించి రావడం ఆయనకు అలవాటు. ఒక రాత్రి ఆయన రాగానే పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని తలుపు వైపు పరుగెత్తారు. వీళ్ళకేమైందని ఆయాను అడిగితే, తినడానికి చిరుశనగ పప్పు, ఉల్లిపాయ తప్ప ఏమీ లేదు, ఆ వాసన మీకు తగలకూడదని అలా చేశారని చెప్పింది. ఆయన ఏడ్చారు. రకరకాల వంటకాలు తినిపించి మీ తండ్రిని నరకానికి పంపడం మీకు ఏం లాభమని వారితో అన్నారు. పిల్లలు కూడా గొల్లున ఏడ్చారు. ఇంకొకసారి ఇంట్లో పనిచేసే కుర్రవాడు రోజూ ఈ పప్పేనా అని విసుక్కుంటే, మీ యజమాని తినేదీ ఇదేనని ఫాతిమా నచ్చజెప్పింది. ఒకరోజు ఆయనకే ద్రాక్షపళ్ళ మీద మనసు పోయింది. ఒక దిర్హమ్ ఉందా అని భార్యను అడిగారు. లేదంది. ఇంత సామ్రాజ్యానికి ఖలీఫా అయి ద్రాక్ష కొనుక్కోవడానికి ఒక దిర్హమ్ లేదా అని ఆమె కాస్త నిష్ఠూరంగానే అంది. పరలోకంలో సంకెళ్ళు భరించడం కంటే ఇది సులువు కదా అని ఆయన సమాధానం చెప్పారు. ఫాతిమా ఎన్నడూ పెదవి విప్పని దేవత అని రాసేవారు ఈ ముచ్చటను మరచిపోకూడదు. ఆమె మామూలు ఇల్లాలే, అనవలసింది అనేది.

యాపిల్ పండు కథ పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. ప్రజలకు పంచవలసిన యాపిల్ పళ్ళను ఆయన పంచుతుండగా చిన్న కొడుకు ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆయన దాన్ని లాగేసుకున్నారు. పిల్లవాడు ఏడుస్తూ తల్లి దగ్గరకు వెళ్ళాడు. చాలామంది కథను ఇక్కడితో ఆపేస్తారు. తర్వాత జరిగిందే మాకు ముఖ్యంగా తోచింది. తల్లి భర్తతో తగవు పెట్టుకోలేదు, పిల్లవాడిని ఏడవనివ్వలేదు. బజారుకు మనిషిని పంపి తన డబ్బుతో యాపిల్ పళ్ళు తెప్పించి ఇచ్చింది. ఇంటికి వచ్చిన ఉమర్‌కు ఆ వాసన తగిలి, ఖజానా పళ్ళేమైనా ఇంట్లోకి వచ్చాయా అని కంగారుగా అడిగారు. ఆమె సంగతి చెప్పింది. ఆ పండును వాడి చేతిలోంచి లాగినప్పుడు నా గుండెలోంచి లాగినట్టనిపించింది, కాని ఒక్క పండు కోసం దేవుని ముందు నన్ను నేను పోగొట్టుకోలేకపోయానని ఆయన అన్నారు. తేనె విషయంలో మాత్రం ఫాతిమా చిక్కుకుంది. భర్తకు తేనె ఇష్టమని, మనిషికి రెండు దీనార్లు ఇచ్చి బాలబక్ నుంచి తెప్పించింది. డబ్బు సొంతమే. కాని ఆ మనిషి ప్రభుత్వ తపాలా వాహనం మీద వెళ్ళి వచ్చాడు. ఉమర్‌కు ఈ సంగతి తెలిసి ఆ తేనె అమ్మించి, ఆమె పెట్టుబడి ఆమెకు ఇచ్చి, మిగిలింది ఖజానాలో వేయించారు.

ఇంత కట్టుబాటు చిన్నపిల్లలున్న ఇంట్లో అవసరమా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ రోజుల్లోనే కొందరు ఆయనను అడిగారు. ఎందుకంటే ఆయన అందరి విషయంలో ఇలా లేరు. తన ఉద్యోగులకు నెలకు వంద దీనార్లు, రెండు వందల దీనార్లు కూడా జీతాలిచ్చేవారు. వారికి ఇంటి దిగులు లేకపోతే ప్రజల పనిమీద మనసు పెడతారని ఆయన అభిప్రాయం. ఉద్యోగులకు ఇచ్చినట్టే మీ ఇంటివారికీ ఇవ్వవచ్చు కదా అన్నవారికి, వారికి రావలసింది నేను ఆపను, ఇతరులకు చెందినది వారికి ఇవ్వను అని చెప్పారు. అంటే ఆయనది పిసినారితనం కాదు. డబ్బు ఎవరిదన్నదే ఆయన లెక్క. పిసినారి తన డబ్బు దాచుకుంటాడు, ఆయన దాచుకున్నదేమీ లేదు.

దీపం కథ అందరికీ తెలిసిందే. ప్రభుత్వ పని చూస్తున్నంతసేపు ఖజానా నూనెతో వెలిగే దీపం, సొంత మాట రాగానే దాన్ని ఆర్పి ఇంటి దీపం. దాన్ని మళ్ళీ చెప్పము. నీళ్ళ కథ అంత ప్రచారంలో లేదు. చలికాలంలో సేవకుడు వుజూ కోసం రోజూ వేడినీళ్ళు తెచ్చి ఇస్తున్నాడు. ఎక్కడ కాచావని ఒకరోజు అడిగితే, పేదలకు, బాటసారులకు వంట చేసే ప్రభుత్వ వంటశాల పొయ్యి మీద కాచానన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అంటే నెల రోజుల నుంచి అన్నాడు. ఆ నెల రోజుల కట్టెల ధర లెక్కకట్టించి ఖజానాకు చెల్లించారు. మదీనాలో గవర్నరుగా ఉన్న అబూబక్ర్ బిన్ హజ్మ్ కాగితాలు కావాలని, పాత గవర్నర్లకు ఇచ్చినట్టు కొవ్వొత్తులు కావాలని రాస్తే, కలం మొన సన్నగా చెక్కుకో, పంక్తులు దగ్గరగా రాయి, ఇంతకు ముందు చీకట్లోనే మస్జిదుకు నడిచి వెళ్ళేవాడివి కదా అన్న అర్థం వచ్చేట్టు జవాబు పంపారు. ఆ అబూబక్ర్ బిన్ హజ్మ్‌కే ప్రవక్త (స) హదీసులను సేకరించి రాయించమని కూడా ఆయన ఆదేశించారు. కాగితం ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలిసిన మనిషి.

ఇల్లు దారిలోకి వచ్చినా వంశం రాలేదు. ఏళ్ళ తరబడి ఖజానా నుంచి కానుకలు తినడానికి అలవాటుపడిన మర్వాన్ సంతతి ఆయన గుమ్మం దగ్గర గుమికూడి గోల చేసేది. తాము వెళ్తే పని కాదని తెలుసుకుని మేనత్త ఫాతిమా బిన్తె మర్వాన్‌ను పంపారు. ఆ వంశంలో ఆమెకున్న మర్యాద అంతా ఇంతా కాదు, పాత ఖలీఫాలు కూడా ఆమె వస్తే లేచి నిలబడేవారు. ఆమె రాత్రిపూట వచ్చింది. మేనల్లుడు రొట్టె ముక్కలు, కాస్త ఉప్పు, నూనె ముందు పెట్టుకుని కూర్చున్నారు. నా పని కోసం వచ్చాను కాని ముందు నీ సంగతే చెప్పాలనిపిస్తోంది, కాస్త మెత్తని తిండి తినరాదా అంది మేనత్త. నా దగ్గర ఉంటే తిననా అత్తా అన్నారు ఆయన. తర్వాత ఆమె బంధువుల ఫిర్యాదు చెప్పింది. నీ పెదతండ్రి నాకు ఇంత ఇచ్చాడు, నీ బావమరిది అంత పెంచాడు, నీవు వచ్చి ఆపేశావు అంది. ఆయన ఓపికగా విన్నారు. ప్రవక్త (స) ప్రజలకు ఒక నది వదిలి వెళ్ళారు, అందులో అందరికీ సమానంగా నీళ్ళున్నాయి, ఆ తర్వాత వచ్చినవారు దాని నుంచి కాలువలు తవ్వుకుని నదిని ఎండబెట్టారు, దాన్ని మళ్ళీ మొదటిలా పారించేదాకా ఊరుకోను అని చెప్పారు. ఒక దీనారును నిప్పుల్లో ఎర్రగా కాల్చి మాంసపు ముక్క మీద పెట్టించి, అది చుయ్యిమన్నప్పుడు, మీ మేనల్లుడికి ఈ గతి పట్టాలా అని అడిగారని కూడా రాశారు. మేనత్త లేచి వెళ్ళిపోయింది. ఎదురుచూస్తున్న బంధువులతో, తప్పు మీదే, ఉమర్ ఫారూఖ్ ఇంటి పిల్లను చేసుకున్నారు, బిడ్డకు ఆ పోలిక వస్తే ఏడుస్తారేం, ఓర్చుకోండి అంది. పాలలో నీళ్ళు కలపని పిల్ల అక్కడ మళ్ళీ గుర్తుకొచ్చింది.

ఇరాక్ నుంచి ఒక స్త్రీ వచ్చిన ముచ్చట ఆ ఇంటి రూపాన్ని అన్నిటికంటే బాగా చూపిస్తుంది. ఆమెకు ఐదుగురు ఆడపిల్లలు, ఆధారం లేదు. ఖలీఫాకు మొర పెట్టుకోవడానికి అంతదూరం నుంచి వచ్చింది. గుమ్మం దగ్గర కావలివాడు ఎవడైనా ఉన్నాడా అని అడిగితే లేడు, ఇష్టమైతే లోపలికి వెళ్ళమన్నారు. లోపల ఫాతిమా కూర్చుని దూది చిక్కు తీస్తోంది. వచ్చిన ఆవిడ చుట్టూ చూసింది. ఇంట్లో చెప్పుకోదగిన వస్తువు ఒక్కటీ లేదు. నా ఇల్లు బాగుచేసుకుందామని వస్తే ఇదే పాడుపడిన ఇల్లులా ఉందే అని పైకే అనేసింది. మీలాంటి వారి ఇళ్ళు నిలబెట్టడానికే ఈ ఇల్లు ఇలా అయింది అని ఫాతిమా జవాబిచ్చింది. ఇంతలో ఒక మగమనిషి వచ్చి, పెరట్లో బావి నుంచి నీళ్ళు తోడి అక్కడున్న మట్టి మీద పోస్తూ మధ్య మధ్య ఫాతిమా వైపు చూస్తున్నాడు. ఆ మట్టిపనివాడు నిన్నే చూస్తున్నాడు, కాస్త పరదా చేసుకో అంది వచ్చిన ఆవిడ. ఆయన మట్టిపనివాడు కాదు, ఖలీఫా అంది ఫాతిమా. తర్వాత ఉమర్ లోపలికి వచ్చి, ఇంట్లో ఉన్న కొద్దిపాటి ద్రాక్షలోంచి మంచివి ఏరి ఆమెకు పెట్టి, పని ఏమిటని అడిగారు. పెద్దమ్మాయి పేరు చెప్పగానే భత్యం రాశారు. ఆమె దేవునికి కృతజ్ఞతలు చెప్పింది. రెండో అమ్మాయికి, మూడో అమ్మాయికి, నాలుగో అమ్మాయికి అలాగే. నాలుగోసారి ఆమె సంతోషం పట్టలేక దేవుణ్ణి వదిలి ఆయన్నే పొగడ్తలతో ముంచెత్తింది. ఆయన కలం ఆపేశారు. స్తుతి అర్హుడైనవాడికి చెందినంతవరకు రాశాను, ఇక ఆ నలుగురినీ ఐదో పిల్లకు కూడా పంచమని చెప్పు అన్నారు. మాకు ఇది కాస్త కఠినంగానే తోచింది, ఐదో పిల్ల చేసిన తప్పేమిటి? అయినా ఆమె ఆ ఉత్తరం తీసుకుని సంతోషంగానే ఇరాక్ చేరింది. గవర్నరు దాన్ని చదివి కన్నీరు పెట్టాడు. ఉత్తరం రాసిన మనిషి అప్పటికే చనిపోయారు. ఆమె ఘొల్లుమంది. భయపడవద్దు, ఆయన ఉత్తరాన్ని నేను కాదననని గవర్నరు ఆమె పని చేసి పంపాడు.

తండ్రిని నిద్రపోనివ్వని అబ్దుల్ మలిక్ తండ్రి కంటే ముందే జబ్బుపడి చనిపోయాడు. ఆ తర్వాత ఉమర్‌కు ఇంట్లో చేదోడు తగ్గింది. హిజ్రీ 101లో ఆయన కూడా మంచం పట్టారు. వంశంలోని వారే సేవకుడి చేత విషం పెట్టించారని చాలామంది చరిత్రకారులు రాశారు. ఫాతిమా సోదరుడు మస్లమా చూడటానికి వచ్చాడు. ఖలీఫా ఒంటి మీద మాసిన చొక్కా ఉంది. మనుషులు చూడటానికి వస్తున్నారు, ఉతికిన చొక్కా వేయండని చెల్లెలికి చెప్పి వెళ్ళాడు. మళ్ళీ వచ్చేసరికి అదే చొక్కా. కోపగించుకున్నాడు. ఆయనకు ఇది తప్ప వేరే చొక్కా లేదని ఫాతిమా చెప్పింది. పిల్లలను ఏమీ లేకుండా వదిలి వెళ్తున్నారు, ఎవరికైనా అప్పగించండని మస్లమా ఖలీఫాతో అన్నాడు. వాళ్ళ హక్కు నేను తినలేదు, ఇతరుల హక్కు వాళ్ళకు ఇవ్వలేను, నా పిల్లలు మంచివారైతే దేవుడే వారిని చూసుకుంటాడు, చెడ్డవారైతే చెడుకు సాయం చేయను అని ఆయన చెప్పి, కొడుకులందరినీ పిలిపించి కళ్ళారా చూసుకుని పంపించారు. వారు పదిమందికి పైగా ఉన్నారు. వారికి మిగిలినది కొద్ది దీనార్లే. ఆ పిల్లలు వీధిన పడలేదన్నది చరిత్ర. వారిలో అబ్దుల్లా తర్వాత ఇరాక్ గవర్నరయ్యాడు, అబ్దుల్ అజీజ్ మదీనా గవర్నరయ్యాడు.

720 ఫిబ్రవరిలో, రజబ్ నెలలో ఆయన దైర్ సిమ్ఆన్ అనే చోట కన్నుమూశారు. అప్పటికి వయసు నలభైకి అటూ ఇటూగా ఉంటుంది. పాలించింది రెండు సంవత్సరాల ఐదు నెలలు. సమాధికి కావలసిన నేలను కూడా అక్కడి క్రైస్తవ యజమానికి డబ్బిచ్చి కొనుక్కున్నారని, ఊరికే ఇస్తానన్నా ఒప్పుకోలేదని రాశారు. సిరియాలోని మఅర్రతున్నుమాన్ పట్టణం దగ్గర ఉన్న ఆ సమాధి పన్నెండు వందల ఏళ్ళకు పైగా నిలిచింది. 2020లో ఆ దేశపు అంతర్యుద్ధంలో దాన్ని ధ్వంసం చేశారు.

ఆయన తర్వాత ఫాతిమా సోదరుడు యజీద్ ఖలీఫా అయ్యాడు. ఖజానా లెక్కలు చూస్తే చెల్లెలి నగల పెట్టె అలాగే ఉంది. ఉమర్ దాన్ని ఖర్చు చేయలేదు. నీకు అన్యాయం జరిగిందని నాకు తెలుసు, నీ నగలు నీవు తీసుకో అని యజీద్ ఆమెకు కబురు పంపాడు. ఇప్పుడు ఆమెను అడ్డుకునే భర్త లేడు, నిందించేవారు లేరు, చిన్నపిల్లలున్న విధవరాలు, ఇంట్లో ఏమీ లేదు. ఆయన బతికి ఉండగా సంతోషంగా వదులుకున్నదాన్ని ఆయన పోయాక తిరిగి తీసుకోనని ఆమె చెప్పింది. యజీద్ ఆ నగలను తన ఇంటి ఆడవాళ్ళకు పంచేశాడు.